బాపు మోటరూ, నా గుణకారాలూ

మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా మా బాపు ఫోన్ చేశాడు.

"మోటరు మల్ల కాలిందిరా" అన్నాడు. అంతే. తిట్టలేదు, విసుక్కోలేదు. "నీ డబ్బా ఏమాయె" అని కూడా అడగలేదు. అడిగినా బాగుండేది.

ఆ డబ్బా కథే ఈ టపా. ఇందులో చిప్పుల గోల చాలా ఉంటుంది, ముందే చెప్తున్నా. కానీ కోడు రాసి బతికే వాళ్ళం కాబట్టి మనకి ఇందులో సిగ్గుపడాల్సింది కూడా కొంత ఉంది. అందుకే రాస్తున్నా.

మాది జనగామ దగ్గర పల్లె. ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎప్పుడో ఎండిపోయింది. రెండోదాంట్లో ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు. ఎండాకాలం వస్తే బోరులో నీళ్ళు తగ్గుతాయి, గంట పోశాక గాలి వస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్ళే. నీళ్ళు లేకుండా తిరిగితే వేడెక్కి వైండింగు కాలిపోతుంది. పైగా మా స్టార్టరుకి ఆటో ఉంది, కరెంటు రాగానే మోటరు తనంతట తనే మొదలవుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఈ ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని అడిగింది. తీసేసినవాళ్ళు తీసేశారు, బాపు తీయలేదు. మోకాళ్ళ నొప్పులతో అర్ధరాత్రి బోరు దాకా ఎవరు నడుస్తారు?

అంతకుముందు ఏడాది ఏప్రిల్లో మొదటిసారి కాలింది. అప్పుడు నేను ఇంటికెళ్ళి, ఇంజనీరింగ్ చదివిన కొడుకు చూపించాల్సిన ఠీవి అంతా చూపించి, "నీళ్ళు లేకపోతే దానంతటదే ఆగిపోయేలా ఒక సర్క్యూట్ చేసిస్తా బాపూ" అని మాటిచ్చాను. ఈసీఈ డిగ్రీ ఉంది కదా మరి! జూన్‌లో మొదలుపెట్టాను. ఫిబ్రవరి దాకా ఏం చేశానయ్యా అంటే, ఏ మైక్రోకంట్రోలర్ కొనాలా అని ఆలోచించాను. ఎనిమిది నెలలు :)

ఈలోపు రెండోసారి కాలింది. రివైండింగు, పైపులు విప్పి మోటరు పైకి తీసే కూలీ, మళ్ళీ దించే కూలీ, జనగామకి ఆటో కిరాయి అన్నీ కలిపి ఏడు వేలు దాటింది. డబ్బు సంగతి పక్కన పెట్టండి. సీజను కాబట్టి రివైండింగు షాపులో వరసలో వారం ఆగాల్సొచ్చింది. నాటేసి నెల కూడా కాని యాసంగి వరి. మడి నెర్రెలిచ్చింది. ఎకరంన్నరలో అరెకరం పోయింది.

బజార్లో రెడీమేడ్ డ్రై రన్ పరికరాలు దొరకవా అని అడుగుతారు. దొరుకుతాయి. మేమూ ఒకటి పెట్టించాం. అది చూసేది ఒక్కటే, మోటరు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందని. నీళ్ళు లేకపోతే లోడు తగ్గుతుంది, ఆంపియర్లు తగ్గుతాయి, అప్పుడు ఆపేస్తుంది. పగలు బాగానే పనిచేసింది. రాత్రిళ్ళు చేయలేదు. ఎందుకో తెలియడానికి నాకు నెల పట్టింది. రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గి వోల్టేజి పెరుగుతుంది. ఇండక్షన్ మోటరు ఖాళీగా తిరిగినా అయస్కాంతక్షేత్రం కోసం కొంత కరెంటు తీసుకుంటుంది, వోల్టేజి పెరిగితే ఆ కరెంటు కూడా పెరుగుతుంది. అంటే రాత్రి ఖాళీగా తిరిగే మోటరు, ఆంపియర్ల లెక్కలో, పగలు నీళ్ళు తోడే మోటరులాగే కనబడింది.

తేడా తెలియాలంటే ఆంపియర్లు చాలవు, అసలు పవరు కావాలి. ఖాళీ మోటరు కరెంటు తీసుకుంటుంది గానీ పని చేయదు, దాని పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. పవరు కొలవాలంటే వోల్టేజినీ కరెంటునీ ఒకే క్షణంలో కొలిచి, గుణించి, అలా సెకను పొడుగునా వచ్చిన లబ్ధాలన్నీ కూడాలి. గుణించు, కూడు. మళ్ళీ గుణించు, కూడు. సిగ్నల్ ప్రాసెసింగ్ అని మనం పెద్దపేరు పెట్టుకున్నదాంట్లో సింహభాగం ఇదే. ఫిల్టరైనా ఇదే, ఎఫ్ఎఫ్‌టీ అయినా ఇదే.

కాబట్టి నాక్కావలసింది గుణకారాలు వేగంగా చేసే చవక చిప్పు. ఇక్కడే పప్పులో కాలేశాను.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. పేరు, మెగాహెర్ట్జ్, ర్యామ్, ధర. ల్యాప్‌టాప్ కొన్నట్టే. శనివారం హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి కోఠీ గుజరాతీ గల్లీకి పోయాను. నేను కొన్నప్పుడు ఎస్‌టీఎం32ఎఫ్103 ఉన్న బ్లూ పిల్ బోర్డు నూట ఎనభై, ఎస్‌టీఎం32ఎఫ్411 ఉన్న బ్లాక్ పిల్ మూడొందల యాభై, ఈఎస్‌పీ32 నాలుగొందలు, రాస్ప్‌బెరీ పై పికో ఇంచుమించు బ్లాక్ పిల్ ధరే. కౌంటర్ అవతల కుర్రాడు "ఏం కావాలన్నా" అంటే "ఆలోచించుకుని వస్తా" అన్నాను. అలా నాలుగు శనివారాలు పోయాను. ఐదోసారి అతను అడగడం మానేశాడు.

మెగాహెర్ట్జుల లెక్కన చూస్తే ఈఎస్‌పీ32 రారాజు, 240. పికోలోని ఆర్‌పీ2040కి 133, రెండు కోర్లు. ఎఫ్411కి 100. ఎఫ్103కి 72. ఆర్డుయినో ఉనోలోని ఏటీమెగా328కి పదహారంటే పదహారే. అది నా డ్రాయర్లో కాలేజీ రోజుల నుంచీ పడుంది, దాన్ని షీటులో చేర్చలేదు కూడా.

ఆ షీటు ఎంత పనికిమాలినదో ఒక్క ఉదాహరణ చెప్తా. డబ్ల్యూసీహెచ్ కంపెనీ సీహెచ్32వీ003 అని ఒక చిప్పు చేసింది. పది సెంట్ల చిప్పు అని 2022లో బాగా పేరొచ్చింది. 48 మెగాహెర్ట్జ్, రిస్క్-ఫైవ్, 32 బిట్లు. వింటుంటే ఎంత బాగుందో! కానీ అందులో గుణకారం ఇన్‌స్ట్రక్షనే లేదు. సీ లో మీరు నక్షత్రం గుర్తు పెడితే కంపైలరు దాన్ని కూడికలుగా, షిఫ్టులుగా విడగొట్టి చేయిస్తుంది. లైట్లు ఆర్పి వెలిగించే పనికి అది బంగారం. నా పనికి పదహారు మెగాహెర్ట్జుల ఏటీమెగా దానికంటే నయం, ఎందుకంటే 8 బిట్ల గుణకారాన్ని అది రెండు సైకిళ్ళలో హార్డ్‌వేర్లోనే చేసేస్తుంది.

ఫిబ్రవరిలో ఆ ఫోన్ వచ్చిన రాత్రి షీటు మూసేసి ఒక తెల్లకాయితం తీసుకున్నాను. మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు చేశాను. అసలు నాకు సెకనుకి ఎన్ని గుణకారాలు కావాలి?

మా బోరు దగ్గర మూడు ఫేజులు, న్యూట్రల్ లేదు. మూడు ఫేజుల పవరు కొలవడానికి మూడు మీటర్లు అక్కర్లేదని మనందరం ల్యాబులో చేశాం, రెండు వాట్‌మీటర్ల పద్ధతి. గుర్తుందా? పవర్ ఫ్యాక్టర్ 0.5 కంటే తగ్గితే ఒక మీటరు ముల్లు వెనక్కి తిరిగేది, ల్యాబ్ అసిస్టెంటు వచ్చి వైర్లు తిప్పి పెట్టేవాడు. వైవాలో అడుగుతారని బట్టీ పట్టిన ఆ ముక్క ఇన్నేళ్ళకి పనికొచ్చింది. రెండు వోల్టేజీలు, రెండు కరెంట్లు, మొత్తం నాలుగు ఛానళ్ళు చాలు. పైగా ఒక మీటరు రుణం చూపిస్తే మోటరు ఖాళీగా ఉందనే అర్థం. ఇంతకంటే తేలికైన పరీక్ష ఏముంటుంది అనుకున్నా. (ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీంతోనే తర్వాత తన్నులు తిన్నాను.)

కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో సైకిల్లో 64 సార్లు కొలిస్తే ఛానలుకి సెకనుకి 3,200 శాంపిళ్ళు, నాలుగింటికి 12,800. ప్రతి క్షణానికీ రెండు వోల్టేజి వర్గాలు, రెండు కరెంటు వర్గాలు, రెండు పవరు లబ్ధాలు, అంటే ఆరు గుణకారాలు. సెకనుకి 19,200.

పందొమ్మిది వేల రెండొందలు. ఎనిమిది నెలలు 240 మెగాహెర్ట్జులా 133 మెగాహెర్ట్జులా అని కొట్టుకున్నది దీనికోసం.

మనం కాలేజీలో చదువుకున్న 8051తో మొదలుపెడదాం. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే ఒక మెషిన్ సైకిల్ ఒక మైక్రోసెకను, 8 బిట్ల గుణకారానికి నాలుగు. 16 బిట్ల సంఖ్యలు రెండు గుణించాలంటే అలాంటివి నాలుగు, 16 మైక్రోసెకన్లు. 19,200కి వేస్తే 0.31 సెకను. సెకనులో మూడో వంతు గుణకారాలకే పోయింది. కూడటం, తెచ్చిపెట్టుకోవడం, శాంపిళ్ళు తీయడం ఇంకా మొదలే కాలేదు. అవన్నీ కలిస్తే ఊపిరాడదు. (పోలిక కోసం చెప్తున్నా, 1980ల మొదట్లోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఎంఎస్32010 డీఎస్‌పీ చిప్పు ఒక గుణకారాన్ని 200 నానోసెకన్లలో చేసేది. డీఎస్‌పీ అని విడిగా ఒక జాతి ఎందుకు పుట్టిందో ఈ ఒక్క అంకె చెప్తుంది.)

ఇప్పుడు డ్రాయర్లో ఉన్న ఉనో. 16 బిట్ల గుణకారానికి సుమారు 20 సైకిళ్ళు. 19,200 ఇంటూ 20 అంటే 3,84,000. దానికి సెకనుకి 1,60,00,000 సైకిళ్ళున్నాయి. రెండున్నర శాతం కూడా కాదు! కూడికలకీ ఇంటరప్టులకీ దీనికి నాలుగైదు రెట్లు వేసుకున్నా బండి నడుస్తుంది.

మరి ఉనో ఎక్కడ ఆగుతుంది? గుణకారం దగ్గర కాదు, ఏడీసీ దగ్గర. మామూలు సెట్టింగులో దాని ఏడీసీ ఒక్కో శాంపిల్‌కి 104 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, అంటే సెకనుకి 9,600 చిల్లర. నాక్కావలసింది 12,800. సైకిలుకి 64 బదులు 32 శాంపిళ్ళతో సరిపెట్టుకుంటే 6,400 చాలు, అప్పుడు సరిపోతుంది. వంట ఎంత వేగంగా చేసినా కూరగాయలు తరిగేవాడు ఒక్కడే ఉంటే భోజనం అప్పుడే రాదు కదా, ఇదీ అంతే. చిప్పు ఎంచుకునేటప్పుడు గుణకారం చేసే చోటే కాకుండా అంకెలు లోపలికొచ్చే గుమ్మం కూడా చూడాలి. 240 మెగాహెర్ట్జుల ఈఎస్‌పీ32 ఏడీసీ సరళరేఖలో ఉండదని, వైఫై నడుస్తుంటే రెండో ఏడీసీ వాడుకోలేమని దాని తయారీదారులే రాశారు. ఆర్‌పీ2040 ఏడీసీ పేరుకి 12 బిట్లు, నికరంగా తొమ్మిది కూడా రావని దాని డేటాషీటే చెప్తుంది. నూట ఎనభై రూపాయల బ్లూ పిల్‌లో సెకనుకి పది లక్షల శాంపిళ్ళు తీయగల 12 బిట్ల ఏడీసీలు రెండున్నాయి. ఎక్సెల్ షీటులో ఈ కాలమ్ నేను పెట్టనేలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఎనిమిది నెలల్లో సగం నా అత్యాశకే పోయింది. డ్రై రన్ ఒక్కటే ఎందుకు, మోటరు రోటరు బార్లు విరుగుతున్నాయో లేదో కూడా కరెంటులోంచి కనిపెడదాం అనుకున్నా. సిద్ధాంతం బాగుంటుంది. 3,000 తిరగాల్సిన మోటరు 2,850 తిరుగుతుంటే స్లిప్ ఐదు శాతం, బార్లు దెబ్బతింటే 50కి అటూ ఇటూ 45, 55 హెర్ట్జుల దగ్గర పిల్లశిఖరాలు లేస్తాయి. ఎఫ్ఎఫ్‌టీ వేస్తే కనబడాలి. దానికోసమే పెద్ద చిప్పు, ఎక్కువ మెగాహెర్ట్జులు అని వెంపర్లాట.

లెక్క వేస్తే అక్కడ కూడా మెగాహెర్ట్జులు అడ్డం కాదు. 1,024 శాంపిళ్ళ ఎఫ్ఎఫ్‌టీ అంటే నా వేగానికి 0.32 సెకను సమాచారం, దాంతో మూడు హెర్ట్జుల పైచిలుకు తేడాలే విడివిడిగా కనబడతాయి. 50 దగ్గర ఉన్న పెద్ద కొండ నీడలో 45 దగ్గరున్న చిన్న గుట్ట కలిసిపోతుంది. 4,096 శాంపిళ్ళు తీసుకుంటే 0.78 హెర్ట్జ్ దాకా విడదీయొచ్చు, కానీ దానికి 1.28 సెకన్లు ఆగాలి. ఆగక తప్పదు. ఎంత ఖరీదైన చిప్పు కొన్నా సెకను తొందరగా గడవదు.

ఇక లెక్కల భారం. 4,096 శాంపిళ్ళకి నేరుగా చేస్తే 1,67,77,216 గుణకారాలు. 1965లో కూలీ, టకీ ప్రచురించిన పద్ధతిలో 24,576 సీతాకోకచిలుకలు (బటర్‌ఫ్లైలు అన్నమాట :)) చాలు. ఏ చిప్పూ కొనకుండా ఒక కాగితం ఇచ్చిన వేగం ఇది. అయితే అన్ని సంఖ్యలూ దాచుకోడానికి 16 బిట్లతో చేసినా 16 కిలోబైట్లు కావాలి. బ్లూ పిల్‌లో 20 ఉన్నాయి, ఇరుకిరుగ్గా పడుతుంది. ఉనోలో ఉన్నవి రెండే, పట్టదు. కానీ నాక్కావలసింది మొత్తం స్పెక్ట్రమ్ కాదు కదా, 45 దగ్గరా 55 దగ్గరా ఏముందో తెలిస్తే చాలు. దానికి గోర్ట్‌జెల్ 1958లోనే పద్ధతి చెప్పాడు, ఒక్కో ఫ్రీక్వెన్సీకి రెండు మూడు వేరియబుల్స్ చాలు. అది ఉనోలో కూడా పడుతుంది.

సరే, చివరికి బ్లూ పిల్ తీసుకున్నా. బ్లాక్ పిల్ కాకుండా ఇదెందుకు? నూట డెబ్భై రూపాయలు మిగులుతాయని! బ్లాక్ పిల్‌లోని కార్టెక్స్-ఎం4కి ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ ఉంది, ఫ్లోట్ గుణకారం ఒక్క సైకిల్లో అయిపోతుంది. బ్లూ పిల్‌లోని ఎం3కి లేదు, ఒక్కో ఫ్లోట్ గుణకారానికి పదుల సైకిళ్ళు సాఫ్ట్‌వేర్లో తగలేయాలి. అందుకని కోడంతా పూర్ణాంకాల్లోకి, ఫిక్స్‌డ్ పాయింట్లోకి మార్చాను. రెండు వారాంతాలు పోయాయి. గచ్చిబౌలిలో నా రూములో బల్బుతో, మిక్సీతో పరీక్షించాను. వాట్లు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. మార్చి మొదటి వారంలో ఊరికి తీసుకెళ్ళి, మా ఊరి ఎలక్ట్రీషియన్ చేత స్టార్టరు డబ్బాలో పెట్టించి (415 వోల్టులతో మనం ఆటలాడకూడదు), వీరుడిలా తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున ఫోను.

"నీళ్ళు రాకపోతె బందు చెయ్యమంటివా, వస్తుంటె బందు చెయ్యమంటివా?"

"రాకపోతేనే బాపూ."

"మరి నీళ్ళు మంచిగ పోస్తుంటె గూడ బందు పెడ్తంది గదరా."

నాకు ముచ్చెమటలు పోశాయి. రెండు రోజులు కోడు చూశాను. సెన్సారు అనుకున్నా, రిలే అనుకున్నా, స్టార్టరు నుంచి వచ్చే నాయిస్ అనుకున్నా. ఏదీ కాదు. తప్పు కూడిక దగ్గరుంది.

నిండు లోడులో ఒకటో వాట్‌మీటరు లబ్ధం సగటున 11 లక్షలు వస్తోంది. సెకనుకి 3,200 సార్లు కూడితే 352 కోట్లు. 32 బిట్ల సైన్డ్ సంఖ్య పట్టేది 214 కోట్ల దాకానే. అది దాటితే స్కూటరు మీటరు గిర్రున తిరిగినట్టు తిరిగి రుణంలోకి పోతుంది. 352 లోంచి 429 తీసేస్తే మైనస్ 77 కోట్లు. రుణం! నా కోడు ఏమనుకుంది? ఒక వాట్‌మీటరు ముల్లు వెనక్కి తిరిగింది, పవర్ ఫ్యాక్టర్ 0.5 కంటే తక్కువ, మోటరు ఖాళీగా తిరుగుతోంది, ఆపేయ్. ల్యాబులో నేర్చుకున్న పాఠమే నన్ను తప్పుదారి పట్టించింది. వోల్టేజి వర్గాలూ, కరెంటు వర్గాలూ ఎప్పుడూ ధనమే కాబట్టి వాటిని అన్‌సైన్డ్‌లో వేశాను, అవి 429 కోట్ల లోపే ఉండి గట్టెక్కాయి. రూములో బల్బు తీసుకునే కరెంటు ఎంతని? అక్కడ ఆ లబ్ధం 214 కోట్ల దరిదాపులకి కూడా రాలేదు. అందుకే రూములో అంతా బ్రహ్మాండం, పొలంలో మాత్రం నీళ్ళు నిండుగా పోసినప్పుడే ఆగిపోవడం.

1996లో ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే ముక్కలైంది, ఒక 64 బిట్ల సంఖ్యని 16 బిట్ల గిన్నెలో పోయబోయినందుకు. కాలేజీలో చదివి నవ్వుకున్నాం. మా బోరు దగ్గర రాకెట్టు లేదు గానీ జబ్బు అదే.

సరిచేయడం ఒక్క లైను, కూడిక డబ్బాని 64 బిట్లు చేయడం. ఎం3లో దీనికి ఒక ఇన్‌స్ట్రక్షన్ కూడా ఉంది, నాలుగు నుంచి ఏడు సైకిళ్ళలో అయిపోతుంది. తర్వాత మైక్రోచిప్ వాళ్ళ డీఎస్‌పిక్ డేటాషీటు చదువుతుంటే నవ్వొచ్చింది. 16 బిట్లని 16 బిట్లతో గుణిస్తే 32, కానీ దాని కూడిక డబ్బా 40 బిట్లు. ఆ పైన ఎనిమిది బిట్లు కేవలం ఇలాంటి పొంగు కోసం వదిలారు, వాటిని గార్డ్ బిట్లంటారు. నాలాంటివాడు వస్తాడని వాళ్ళకి ఎప్పుడో తెలుసు :)

ఇక అసలు చెప్పదలచుకున్నది. నూట డెబ్భై రూపాయలు ఆదా చేయడానికి రెండు వారాంతాలు, ఒక ఓవర్‌ఫ్లో, బాపు ముందు పరువు. వెయ్యి డబ్బాలు చేసి అమ్మేవాడికి ఆ నూట డెబ్భై లక్షా డెబ్భై వేలవుతుంది, వాడు ఫిక్స్‌డ్ పాయింట్లో తన్నుకోవాల్సిందే. ఒక్క డబ్బా చేసేవాడికి చవక అంటే చిప్పు ధర కాదు, తప్పు జరగకుండా పూర్తి కావడం. కాబట్టి ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే నా సలహా ఇది. ముందు కాగితం మీద గుణకారాలు లెక్కపెట్టండి. తర్వాత ఏడీసీ, తర్వాత ర్యామ్, తర్వాత కూడిక డబ్బా ఎన్ని బిట్లో చూడండి. మెగాహెర్ట్జులు ఆఖర్న. ఒకటో రెండో చేస్తుంటే ఫ్లోటింగ్ పాయింట్ ఉన్న ఎం4 గానీ, 2024లో వచ్చిన పికో 2 గానీ కొనుక్కుని హాయిగా ఫ్లోట్‌లో రాసుకోండి. అందులోనూ ఒక గొయ్యి ఉంది, సీ లో 0.5 అని రాస్తే అది డబుల్, ఎం4 హార్డ్‌వేర్ చేసేది సింగిల్. పక్కన ఎఫ్ అనే ఒక్క అక్షరం పెట్టకపోతే మీరు డబ్బులు పెట్టి కొన్న హార్డ్‌వేర్ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది, పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

మనం లెక్కపెట్టడం ఎప్పుడు మానేశాం? ఆఫీసులో నా సర్వీసు నెమ్మదిస్తే నేను చేసేది సర్వరు సైజు ఒక మెట్టు పెంచడం. అది చేసే పనిలో ఎన్ని గుణకారాలున్నాయో నాకు తెలియదు, ఎవరూ అడగరు, బిల్లు కంపెనీ కడుతుంది. ఎనిమిది నెలల ఎక్సెల్ షీటు ఆ అలవాటు ఫలితమే. చిప్పుకి కూడా సర్వరు లాగే సైజు పెంచుతూ పోయాను.

ఈ ఊరు అలాంటి ఊరు కాదు. ఏ.ఎస్. రావు గారు 1967లో మొదలుపెట్టిన ఈసీఐఎల్ రెండేళ్ళలో టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ చేసింది. 1988లో కంచన్‌బాగ్‌లో వచ్చిన డీఆర్‌డీఓ ల్యాబు అనురాగ్, విమానాల మీద గాలి ప్రవాహాన్ని లెక్కకట్టడానికి పేస్ అనే సమాంతర కంప్యూటర్ కట్టింది. వాళ్ళు ఒక్కో గుణకారం లెక్కపెట్టకుండా అడుగు వేసి ఉండరు. ఇప్పటికీ ఈ పని మన పక్క బిల్డింగుల్లో జరుగుతూనే ఉంది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ వ్యాపారాన్ని కొన్నప్పుడు దాంతోపాటు వెళ్ళింది హైదరాబాదు డిజైన్ సెంటరే. ఆ గార్డ్ బిట్ల డీఎస్‌పిక్ మైక్రోచిప్ 2023 జూలైలో ఇక్కడ కొత్త ఆర్ అండ్ డీ కేంద్రం తెరిచింది. వాళ్ళూ మనమూ ఒకే ఇరానీ హోటల్లో చాయ్ తాగుతాం, ఒకే ఫ్లైఓవర్ మీద ఇరుక్కుంటాం. మనలో సగం మంది డిగ్రీల మీద ఉన్నది ఈసీఈయే. కానీ ఒక గుణకారం ఖరీదెంత అంటే నాకు 29 ఏళ్ళు వచ్చాక, అరెకరం వరి పోయాక తెలిసింది.

బోరు డబ్బా సంగతి చెప్పి ముగిస్తా. ఏప్రిల్ గడిచింది. మే రెండో వారంలో బాపు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నా, బయటికొచ్చి ఎత్తాను.

"ఇయ్యాల నాలుగు సార్లు బందు పెట్టింది నీ డబ్బా."

గుండె జారిపోయింది. మళ్ళీ ఏ బిట్టు పొంగిందో అనుకున్నా.

"కోపమొచ్చి ఎండల పోయి చూసిన. పైపుల నిజంగనె గాలే వస్తంది. నీళ్ళు లెవ్వు."

"మోటరు?"

"మోటరు మంచిగనె ఉన్నది. గంట ఆగి మల్ల పోస్తంది, మల్ల ఆగుతంది. మీ పెద్దనాయిన గూడ ఒకటి కావాల్నంటుండు. ఎన్నొద్దులు పడ్తది?"

"రెండు వారాలు" అన్నాను. ఈసారి కోఠీకి పోలేదు. డ్రాయరు తెరిచి ఉనో బయటికి తీశాను.